గుర్తు మీద ఎవరి పేరు?
ఇటలీ ఊళ్లలో, ప్రాంతాల్లో పార్టీ పేరు లేని జాబితాల రాజకీయం

వెనిస్ రాజధానిగా ఉన్న ప్రాంతం పేరు వెనెటో. 2020 సెప్టెంబరులో అక్కడ జరిగిన ప్రాంతీయ ఎన్నికల్లో లూకా జాయా దాదాపు 77 శాతం ఓట్లతో మూడోసారి అధ్యక్షుడయ్యారు. ఆయన పార్టీ పేరు లెగా. ఆ రోజు లెగా గుర్తుకు పడ్డ ఓట్లు 17 శాతం లోపే. ఆయన పేరునే గుర్తుగా పెట్టుకుని నిలబడ్డ మరో జాబితాకు మాత్రం 44 శాతం దాటి వచ్చాయి. నాయకుడు పార్టీకి రెండున్నర రెట్లు పెద్దవాడని బ్యాలెట్ పేపరే లెక్క తేల్చి చెప్పింది.

అయిదేళ్లు గడిచాయి. ప్రాంతీయ అధ్యక్షుల పదవీకాలానికి ఉన్న పరిమితిని దాటడం కుదరదని 2025 ఏప్రిల్‌లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పు కంపానియా ప్రాంతం విషయంలో వచ్చినా జాయాకూ దారి మూసేసింది. 2025 నవంబరులో ఎన్నికలు జరిగినప్పుడు, అభ్యర్థి కాకపోయినా ఆయన పేరుతో ఒక జాబితా పెట్టాలని అనుచరులు కోరుకున్నారు. మిత్రపక్షాలు ఒప్పుకోలేదు. అధ్యక్ష పదవి లెగాకు ఇస్తున్నప్పుడు జాయా పేరుతో ఇంకో జాబితా ఎందుకన్నది వాళ్ల వాదన. చివరికి జాయా లెగా జాబితాలోనే మొదటి పేరుగా నిలబడ్డారు. 2 లక్షలకు పైగా ఓటర్లు బ్యాలెట్ మీద ఆయన పేరు చేత్తో రాశారు. లెగా 36 శాతానికి చేరింది. అధ్యక్షుడైన అల్బెర్టో స్టెఫాని కూడా లెగా మనిషే. ఒక మనిషి పేరు ఏ గుర్తు కింద ఉంటే ఓట్లు అక్కడికి నడిచాయి.

పార్టీ పేరు పెట్టుకోకుండా ఊరి పేరో, మనిషి పేరో, ఒక మంచి మాటో గుర్తుగా నిలబడే బృందాన్ని ఇటలీలో 'లిస్తా చివికా' అంటారు. పౌర జాబితా అని చెప్పుకోవచ్చు. వాళ్ల స్థానిక ఎన్నికల వార్త ఏది చదివినా ఈ మాట తగులుతుంది. పైకి ఒకే పేరు, లోపల నాలుగైదు రకాల సరుకు. పదిహేను వందల మంది ఉన్న కొండ ఊళ్లో పాత మాస్టారు, రైతు, మందుల షాపు ఆయన కలిసి పెట్టుకున్నదీ పౌర జాబితానే. జాయా పేరుతో నిలబడ్డదీ పౌర జాబితానే. భాషా మైనారిటీలు ఉండే ఊళ్లలో ఈ తేడా బడి దాకా వెళ్తుంది కాబట్టి మన పేజీ పాఠకులకు ఇది వట్టి విదేశీ వార్త కాదు.

మనకు తెలిసినదానితో పోల్చి మొదలుపెడదాం. కర్ణాటకలో, మహారాష్ట్రలో, తమిళనాడులో, ఒడిశాలో, అలాగే రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. గుర్తు ఉంగరమో, కత్తెరో అవుతుంది. ఎవరు ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలుసు. ఇటలీలో అలా ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. పార్టీ గుర్తు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. అయినా చిన్న ఊళ్లలో అది కనిపించడం అరుదు. పార్టీల పేరు తనంతట తాను ఎందుకు తప్పుకుందో తెలియాలంటే 1993కి వెళ్లాలి.

1992 ఫిబ్రవరిలో మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం అధిపతి లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. రెండేళ్లలో దేశాన్ని నలభై ఏళ్లకు పైగా ఏలిన క్రిస్టియన్ డెమోక్రాట్లు, వాళ్లతో అధికారం పంచుకున్న సోషలిస్టులు కుప్పకూలారు. పార్టీ అన్న మాటే తిట్టుగా మారిన ఆ రోజుల్లో, 1993 మార్చిలో, 81వ నంబరు చట్టం వచ్చింది. అంతకుముందు కౌన్సిలర్లు మేయర్‌ను ఎన్నుకునేవారు. ఈ చట్టంతో ఓటరే నేరుగా ఎన్నుకుంటున్నాడు. సిసిలీ అంతకు ఏడాది ముందే ఆ పని చేసింది.

జనాభా 15,000 దాటని ఊళ్లలో ఒక మేయర్ అభ్యర్థికి ఒకటే జాబితా. పోలింగ్ ఒకే విడత. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లు. 15,000 దాటిన పట్టణాల్లో ఒక అభ్యర్థి వెనక ఎన్ని జాబితాలైనా ఉండవచ్చు. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత జరుగుతుంది. గెలిచిన మేయర్ పక్షానికి సాధారణంగా 60 శాతం సీట్లు దక్కుతాయి. ఒక అభ్యర్థిని మేయర్‌గా ఎన్నుకుంటూ మరో అభ్యర్థి తరఫు జాబితాకు ఓటేసే వీలు కూడా అక్కడ ఓటరుకు ఉంది.

చిన్న ఊళ్ల నిబంధనను ఇంకోసారి చూడండి. అభ్యర్థికి ఒకే జాబితా అన్నప్పుడు, పొత్తులో ఉన్న రెండు పార్టీలు ఎవరి గుర్తు పెట్టుకోవాలి? ఒకరిది పెడితే రెండో వాళ్లకు కోపం. అందుకే ఇద్దరికీ అభ్యంతరం లేని కొత్త పేరు పెట్టుకుంటారు. 'కలిసి ముందుకు' అనో, 'మన ఊరి కోసం' అనో. పార్టీల మీద జనానికి ఉన్న విసుగు ఒక కారణమైతే, చట్టంలోని ఈ ఇరుకు రెండో కారణం. మొదటి దాని గురించి వ్యాసాలు కొల్లలు. రెండోదే ఎక్కువ పని చేసిందని నాకనిపిస్తుంది. ఇటలీలో ఉన్న దాదాపు 7,900 మునిసిపాలిటీల్లో ఇంచుమించు 70 శాతం ఊళ్ల జనాభా 5,000 కూడా దాటదు. అంటే దేశంలో ఎక్కువ ఊళ్ల రాజకీయం ఈ ఒకే జాబితా నిబంధన కిందే నడుస్తోంది.

అక్కడ పోటీకి దిగడం కష్టమేమీ కాదు. జనాభా 1,000 నుంచి 2,000 మధ్య ఉంటే 25 మంది ఓటర్ల సంతకాలు చాలు. పది లక్షలు దాటిన నగరానికి 1,000 కావాలి. వెయ్యి లోపు ఊళ్లకు సంతకమే అక్కర్లేదని చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. అంత చిన్న ఊళ్లో సంతకం పెట్టడమంటే తన ఓటు ఎవరికో బయటపెట్టుకోవడమే కదా. అయితే ఆ సందులోంచి ఒక విచిత్రం దూరింది. ఎన్నికల్లో నిలబడే పోలీసు ఉద్యోగికి ప్రచారం ముగిసేదాకా జీతంతో సెలవు ఇవ్వాలని 1981 నాటి పోలీసు చట్టం చెబుతోంది. దాంతో ఎప్పుడూ కాలు పెట్టని ఊళ్లో, ఎక్కడెక్కడి పోలీసులో కలిసి ఒక జాబితా వేసి, నెల రోజులు సెలవు మీద వెళ్లడం ఏళ్ల తరబడి సాగింది. లెక్కింపు రోజున అలాంటి జాబితాలకు ఒక్క ఓటూ రాని సందర్భాలున్నాయి. అభ్యర్థుల ఓట్లు కూడా రావు, వాళ్లు ఆ ఊరి ఓటర్లే కారు మరి. దీనిమీద ఇటాలియన్ పత్రికలు ఎన్నికల సీజను వచ్చినప్పుడల్లా నవ్వుకుంటూ రాస్తూనే ఉన్నాయి.

ఇంతకంటే దిగులు పుట్టించేది ఒకటే జాబితా బరిలో ఉండే ఊళ్ల సంగతి. యువతరం వలసపోయి, మిగిలినవాళ్లలో మేయర్ కుర్చీ కోరుకునేవారు ఒక్కరే ఉంటే పోటీ ఎవరితో? ఇటలీ చట్టంలో మన దగ్గరిలా ఏకగ్రీవం అని ప్రకటించి పంపేయడం లేదు. పోలింగ్ జరగాల్సిందే. ఓటర్లలో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్లలో సగం మందైనా ఆ జాబితాకు వేయాలి. లేదంటే ఎన్నిక చెల్లదు, ప్రభుత్వం నియమించిన కమిషనర్ చేతికి ఊరు వెళ్తుంది. అలాంటి ఊళ్లలో ఆ ఒక్క జాబితా పోటీ పడేది ఇళ్లు కదలని ఓటర్లతోనే. జర్మనీకో, అర్జెంటీనాకో వెళ్లి స్థిరపడినవాళ్ల పేర్లు ఓటర్ల పట్టికలో ఉండిపోవడంతో హాజరు లెక్క తప్పుతోందని ఇటీవలి సవరణల్లో ఆ 50 శాతాన్ని 40కి దించారు. విదేశాల్లో ఉండి ఓటుకు రానివారిని లెక్కలోంచి తీసేశారు.

మైనారిటీ భాషల సంగతి వచ్చేది ఇక్కడే. ఇటలీ రాజ్యాంగం 6వ అధికరణం భాషా మైనారిటీలను కాపాడాలంటుంది. దాన్ని ఆచరణలో పెట్టే 482వ నంబరు చట్టం రావడానికి 1999 డిసెంబరు దాకా పట్టింది. అల్బేనియన్, కాటలాన్, గ్రీకు, స్లోవీన్, క్రొయేషియన్, జర్మన్, ఫ్రెంచ్, ఫ్రాంకో ప్రొవెన్సాల్, ఫ్రియూలియన్, లడిన్, ఆక్సిటాన్, సార్డీనియన్ అని పన్నెండు భాషా సమూహాల పేర్లు అందులో ఉన్నాయి. వీటిలో చాలా వాటిని మాట్లాడేవాళ్లు శతాబ్దాల కిందట వచ్చి స్థిరపడ్డవాళ్లు. సిసిలీలోని పియానా దెల్యీ అల్బనేజీలో, కలాబ్రియా కొండల్లో అల్బేనియన్ మాట్లాడే ఊళ్లున్నాయి. ఇటలీ మడమ దగ్గర, సలెంతోలో, గ్రీకు మాటలు మిగిలిన ఊళ్లున్నాయి. సార్డీనియాలోని అల్గెరో పట్టణంలో కాటలాన్ ఉంది.

ఒక ఊరికి ఈ చట్టం వర్తించాలంటే ఎవరో అడగాలి. ఆ అడిగే హక్కును చట్టం ఇద్దరికి ఇచ్చింది. ఊరి ఓటర్లలో 15 శాతం మంది అడగవచ్చు. లేదా ఊరి కౌన్సిలర్లలో మూడో వంతు మంది అడగవచ్చు. అప్పుడు జిల్లా స్థాయిలో ఉండే ప్రొవిన్సు కౌన్సిల్ ఆ ఊరిని మైనారిటీ భాషా ప్రాంతంగా గుర్తిస్తుంది. గుర్తించాక బడిలో ఆ భాషకు చోటు దొరుకుతుంది. పిల్లల శిశు తరగతుల్లో దాన్ని వాడతారు, ప్రాథమిక పాఠశాలలో, ఆ పై దశలో బోధనకు సాధనమవుతుంది. పిల్లల పేరు బడిలో నమోదు చేసేటప్పుడు ఆ భాష చదువు కావాలో వద్దో తల్లిదండ్రులే చెప్పాలి. కౌన్సిల్ సమావేశంలో సభ్యులు ఆ భాషలో మాట్లాడవచ్చు. తెలియని సభ్యుడెవరైనా ఉంటే అక్కడికక్కడే ఇటాలియన్‌లోకి అనువదించాలి.

మూడో వంతు అన్న అంకెను, గెలిచినవాళ్లకు మూడింట రెండు వంతులన్న అంకెను పక్కపక్కన పెట్టండి. జనాభా 3,000 నుంచి 10,000 మధ్య ఉన్న ఊరి కౌన్సిల్‌లో 12 మంది ఉంటారు. గెలిచిన జాబితాకు 8, మిగిలినవాళ్లకు 4. ఆ నలుగురూ ఒక్క మాట మీద నిలబడితే, ఓడిపోయి కూడా, ఊరి భాషకు గుర్తింపు కోరవచ్చు. 3,000 లోపు ఊళ్లో కౌన్సిలర్లు 10 మంది, 7కి 3. అక్కడ ముగ్గురు సరిపోరు, గెలిచిన పక్షం నుంచి ఒకరినైనా ఒప్పించాలి. చాలా ఊళ్లు ఈ గుర్తింపు ఎప్పుడో పొందేశాయి, నిజమే. అయినా ఎవరు కౌన్సిల్‌లో కూర్చుంటారన్నది అక్కడితో అయిపోదు. బడి భవనం, పిల్లల భోజనం, బడి బస్సు మునిసిపాలిటీ బాధ్యత. టీచర్ల జీతం కేంద్ర ప్రభుత్వానిది. ఏ బడిని దేనిలో కలపాలన్న పట్టిక ప్రాంతీయ ప్రభుత్వానిది. ఆ పట్టికలో తమ ఊరి బడి మిగలాలంటే మేయర్ వెళ్లి వాదించాలి.

ఆ మేయర్ పౌర జాబితా మనిషి అయితే ఎలా ఉంటుంది? ఊరికి మేలు, ఎందుకంటే రోమ్‌లో ఎవరు గెలిచినా ఓడినా అతనికి సంబంధం లేదు. ఊరికి కీడు కూడా, ప్రాంతీయ రాజధానిలో అతని ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. 2014లో ప్రొవిన్సు కౌన్సిళ్లకు ప్రజలు ఓటేసే పద్ధతి తీసేసి, మేయర్లు, కౌన్సిలర్లే వాటిని ఎన్నుకునే ఏర్పాటు చేశాక ఇంకో మెలిక పడింది. ఊరి జనాభాను బట్టి ఒక్కో కౌన్సిలర్ ఓటుకు విలువ వేరు. ఊళ్లో ఏ పార్టీ కాదని చెప్పుకుని గెలిచిన కౌన్సిలర్ అక్కడికి వెళ్లేసరికి ఏదో ఒక పక్షం పంచన చేరక తప్పదు. మైనారిటీ ఊళ్లను గుర్తించేది కూడా ఆ ప్రొవిన్సు కౌన్సిలే కాబట్టి, పార్టీని గుమ్మం బయట ఆపాననుకున్న ఊరికి అది పెరటి దారిన వస్తుంది.

నగరాల కథ వేరు. 1999లో బొలోన్యాలో జరిగినదాన్ని ఇటలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి ఆ నగరాన్ని వామపక్షమే ఏలింది. మాంసం దుకాణం నడుపుతూ వర్తకుల సంఘానికి పెద్దగా ఎదిగిన జార్జో గ్వాజ్జలోకా 'నీ బొలోన్యా' అనే జాబితా పెట్టి నిలబడ్డారు. కుడిపక్ష పార్టీలు వెనక ఉన్నాయి. ముందు మాత్రం అందరూ ఎరిగిన మాంసం కొట్టు ఆయన ఉన్నారు. రెండో విడతలో 51 శాతం కూడా రాకుండానే గెలిచారు. 2004లో కార్మిక సంఘం మాజీ నేత సెర్జో కొఫెరాటి చేతిలో ఓడిపోయారు, నగరం మళ్లీ వామపక్షానికి వెళ్లింది. ఒక మనిషి మంచి పేరుతో అర్ధ శతాబ్దపు కోటను తెరవవచ్చు. ఆ తలుపు తెరిచి ఉంచేందుకు వెనక ఇంకెవరో ఉండాలి. అంతకుముందే, 1993లో, ట్రియెస్తెలో కాఫీ వ్యాపార కుటుంబానికి చెందిన రికార్డో ఇల్లీ ఇలాగే మేయర్ అయ్యారు. రెండుసార్లు చేసి, 2003లో తన 'పౌరుల' జాబితాతో ఫ్రియూలి ప్రాంత అధ్యక్షుడయ్యారు, 2008లో ఓడారు.

పార్మాది ఇంకో రకం. 2009లో బెప్పె గ్రిల్లో అనే హాస్యనటుడు 'ఐదు నక్షత్రాల ఉద్యమం' ప్రారంభించడానికి ముందు, 2008లోనే ఆయన అభిమానులు ఊరూరా పౌర జాబితాలు పెట్టి పోటీ చేశారు. ఇటలీ పార్లమెంటులో అతి పెద్ద పార్టీగా తర్వాత ఎదిగినదాని విత్తనం మునిసిపల్ జాబితాలే. 2012లో పార్మా నగరాన్ని ఆ ఉద్యమం తరఫున ఫెదెరికో పిజ్జరొట్టి గెలిచినప్పుడు అదో సంచలనం. నాలుగేళ్లకు ఆయనకూ గ్రిల్లోకూ చెడింది. 2016 అక్టోబరులో బయటికి వచ్చి 'ఎఫెత్తో పార్మా' అనే సొంత జాబితా పెట్టుకుని 2017లో 58 శాతంతో మళ్లీ గెలిచారు. అదే ఊళ్లో ఉద్యమం అభ్యర్థికి 3 శాతం చుట్టూ వచ్చాయి. ఆ తర్వాతే అసలు విశేషం. 2022లో పిజ్జరొట్టి పదవీకాలం ముగిసింది. ఆయన పాలకవర్గంలో పనిచేసిన మికేలే గ్వెర్రాను ఆయన జాబితా, డెమోక్రాటిక్ పార్టీ కలిసి నిలబెట్టి గెలిపించాయి. వ్యక్తి తప్పుకున్నాక కూడా జాబితా మిగిలిన అరుదైన చోట్లలో ఇదొకటి. మిగలడానికి ఒక పార్టీ చేయి పట్టుకోవలసి వచ్చింది.

వెరోనాలో అది కుదరలేదు. 2012లో ఫ్లావియో తోసి రెండోసారి మేయర్ అయినప్పుడు ఆయన పేరిట ఉన్న జాబితాకు 37 శాతం, ఆయన పార్టీ లెగాకు 11 శాతం దగ్గర వచ్చాయి. అంత బలం చూసుకుని పార్టీ నాయకత్వంతో తలపడ్డారు, 2015లో పార్టీ బయటికి పంపింది. 2022లో మళ్లీ మేయర్ పదవికి దిగినప్పుడు కుడిపక్షం ఓట్లు ఆయనకూ అప్పటి మేయర్‌కూ మధ్య చీలాయి. మధ్యలోంచి మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు దమియానో తొమ్మాసి, తనదీ పౌర జాబితానే అంటూ, వామపక్షం మద్దతుతో గెలిచారు. కుడిపక్షానికి గట్టి పట్టున్న నగరమది.

సిసిలీలోని మెస్సీనా అన్నిటికంటే వింత. 2018లో కాతెనో డె లూకా రెండో విడతలో 65 శాతంతో మేయర్ అయ్యారు. సిసిలీ చట్టం ప్రకారం 5 శాతం దాటని జాబితాకు కౌన్సిల్‌లో చోటు లేదు. ఆయన వెనక ఉన్న జాబితాల్లో ఒక్కటీ ఆ గీత దాటలేదు. నగరంలో ముగ్గురిలో ఇద్దరి ఓటు పొందిన మేయర్‌కు కౌన్సిల్‌లో తన మనిషి ఒక్కడూ లేడు. ప్రతి బడ్జెట్టుకూ ప్రత్యర్థులను బతిమాలడమో, రాజీనామా చేస్తానని బెదిరించడమో. ఆయన రెండోదాన్నే ఎక్కువ ఇష్టపడ్డారు. నాలుగేళ్లకు నిజంగానే రాజీనామా చేసి ప్రాంతీయ అధ్యక్ష పదవికి పోటీ పడి రెండో స్థానంలో నిలిచారు. ఆయన అనుచరుడు ఫెదెరికో బాజిలే మెస్సీనా మేయర్ అయ్యారు. ఆ సంవత్సరమే ఆయన పార్టీ రోమ్ పార్లమెంటుకు ఇద్దరిని పంపింది. పౌర జాబితాగా మొదలైనది మళ్లీ పార్టీగా మారడానికి నాలుగేళ్లు చాలాయి.

ప్రాంతీయ ఎన్నికలకు వచ్చేసరికి జాబితా అన్నది ఎక్కువగా ఓట్లు పోగుచేసే పనిముట్టు. 2020లో కంపానియా అధ్యక్షుడు విన్చెంజో డె లూకా (పై ఆయనకు బంధువేమీ కారు) వెనక 15 జాబితాలు నిలబడ్డాయి. ఆయనకు 69 శాతం దాటి వచ్చింది. ఒక్కో జాబితాలో పదుల కొద్దీ పేర్లు. గెలిచే ఆశ లేకపోయినా ఒక్కో అభ్యర్థి బావమరిది, పక్కింటాయన, పాత విద్యార్థులు, కలిపి రెండు మూడు వందల ఓట్లు తెస్తాడు. అవన్నీ అధ్యక్ష అభ్యర్థి ఖాతాలో పడతాయి. తర్వాత ఆ అభ్యర్థి ఏమైపోతాడో ఎవరూ అడగరు. న్యాయస్థానం తీర్పుతో 2025లో డె లూకా నిలబడలేకపోయారు. ఆయన మనుషులు 'తలెత్తుకుని' అనే అర్థం వచ్చే పేరుతో జాబితా పెట్టి, కొత్త అభ్యర్థి రొబెర్తో ఫీకో వెనక నిలిచి, 8 శాతం దాకా తెచ్చుకున్నారు. గెలిచిన కూటమిలో పాత అధ్యక్షుడి వాటా ఎంతో దాంతో లెక్క తేలింది.

దక్షిణాదిలో దీనికి ఒక చీకటి కోణం ఉంది. మాఫియా చొరబడిందన్న కారణంతో మునిసిపల్ కౌన్సిళ్లను రద్దు చేసే అధికారం 1991 నుంచి ప్రభుత్వానికి ఉంది. ఇప్పటికి 300కు పైగా రద్దులు జరిగాయి, కొన్ని ఊళ్లు రెండు మూడు సార్లు. పార్టీ గుర్తు మీద నిలబడ్డవాడు పట్టుబడితే పార్టీని నిలదీయవచ్చు. ఎన్నికల ముందు నెల పుట్టి, ఎన్నికల తర్వాత నెల మాయమయ్యే జాబితాను నిలదీయడానికి చిరునామా ఏది?

ఇదంతా గెలిచినవాళ్లకు అదనపు సీట్లు ఇచ్చే చట్టాల మీద నడిచే కథ. అలాంటి బోనస్ లేని చోట జాబితా స్వభావమే మారిపోతుందని ఆస్ట్రియా సరిహద్దులోని దక్షిణ టైరోల్‌ను చూస్తే తెలుస్తుంది. ఇటలీలో ఉన్న ఆ ప్రొవిన్సులో దాదాపు 70 శాతం మంది మాతృభాష జర్మన్. నాలుగో వంతుకు పైగా ఇటాలియన్, లోయల్లో కొద్దిమంది లడిన్. 1972 స్వయంప్రతిపత్తి శాసనం కింద మూడు భాషలకూ మూడు వేర్వేరు బడి వ్యవస్థలు. లడిన్ లోయల్లో సగం చదువు జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో, లడిన్‌ను కూడా నేర్పుతారు. దశాబ్దాల పాటు జర్మన్ మాట్లాడేవాళ్లంతా ఒకే పార్టీకి ఓటేశారు, దక్షిణ టైరోల్ ప్రజా పార్టీకి. రోమ్‌తో బేరమాడాలంటే ఒకే గొంతు ఉండాలన్నది దాని వాదన. బడులు, ఉద్యోగాలు, పన్నుల వాటా ఆ గొంతుతోనే సాధించారు, కాదనలేం.

మండలిలో సీట్లు 35. వచ్చిన ఓట్ల నిష్పత్తిలోనే పంచుతారు, గెలిచినవాళ్లకు అదనంగా ఏమీ ఇవ్వరు. ప్రజా పార్టీ 2013లో 17కు దిగి మొదటిసారి సొంత మెజారిటీ కోల్పోయింది. 2018లో 15, 2023 అక్టోబరులో 13. పడిపోయిన సీట్లు ఎక్కువ భాగం మరో భాషవాళ్లకు పోలేదు, సొంత భాషవాళ్ల కొత్త జాబితాలకే పోయాయి. ఐదు నక్షత్రాల ఉద్యమం వదిలి వచ్చిన పౌల్ కోలెన్స్‌పెర్గర్ తన పేరుతో పెట్టిన జాబితా ఒకటి. ప్రజా పార్టీలోనే ఆరోగ్య శాఖ చూసి అలిగి బయటికి వచ్చిన తోమస్ విడ్మన్‌ది ఒకటి. సంప్రదాయ తుపాకీ దళాల మాజీ నాయకుడు యుర్గెన్ విర్త్ అండర్లాన్‌ది ఒకటి, కొత్తగా వచ్చి రెండు సీట్లు పట్టింది. ఊళ్లలోనూ ప్రజా పార్టీకి ఎదురు నిలిచేది చాలాచోట్ల 'బ్యుర్గర్‌లిస్తె', అదే పౌర జాబితా, జర్మన్ పేరుతో.

ఫలితంగా 2023 తర్వాత ఆర్నో కొంపాచర్ ప్రభుత్వానికి ఐదు పక్షాలు కలవాల్సి వచ్చింది. అందులో ఇటాలియన్ జాతీయవాదుల పార్టీ 'ఫ్రాతెల్లి దితాలియా' ఉంది, ఇటాలియన్ మాట్లాడేవాళ్ల 'లా చివికా' అనే చిన్న పౌర జాబితా కూడా ఉంది. మైనారిటీ ఓటు చీలితే ఎవరి సాయం అడగాల్సి వస్తుందో ఇదో ఉదాహరణ. నన్నడిగితే చీలికను పూర్తిగా తిట్టలేం. ఒకే పార్టీ ఉన్నన్నాళ్లు ఇళ్ల అద్దెలు, టూరిస్టుల రద్దీ, ఆస్పత్రి క్యూల గురించి అడిగినవాళ్లకు 'ముందు భాష, తర్వాత మిగతావి' అన్న జవాబే వచ్చేది. ఆ జవాబు విని విసిగినవాళ్లే జాబితాలు పెట్టారు. అయితే గొంతులు ఎక్కువైనప్పుడు బడి మీద మాట కూడా వేడెక్కుతుంది. 2024లో ప్రొవిన్సు రాజధాని బొల్జానోలో ఒక జర్మన్ ప్రాథమిక పాఠశాల, జర్మన్ రాని పిల్లలను వేరే తరగతిలో కూర్చోబెట్టి ముందు భాష నేర్పాలనుకుంది. ఇటాలియన్ ఇళ్ల నుంచి, వలస వచ్చిన కుటుంబాల నుంచి పిల్లలు జర్మన్ బడికి ఎక్కువగా వస్తున్నారు, మా పిల్లల చదువు వెనకబడుతోందని జర్మన్ తల్లిదండ్రులు కొందరు, పిల్లలను విడదీస్తారా అని మరికొందరు. అధికారులు జోక్యం చేసుకుని ఆ తరగతిని ఆపేశారు. సమస్య మాత్రం తరగతి గదిలోనే ఉండిపోయింది. ఎటూ తేల్చని కూటమి కంటే గట్టిగా అరిచే చిన్న జాబితాకే అందులో లాభం. ప్రొవిన్సు మండలికి మళ్లీ ఎన్నికలు 2028లో. ఆ బడి పేచీ అప్పుడు ఎవరి గుర్తు కింద కనిపిస్తుందో బొల్జానో తల్లిదండ్రులు, టీచర్లు ఇప్పటి నుంచే చూస్తున్నారు.